చుయ్యిమనే దాకా

సిరిసిల్ల,
4 నవంబరు 2024.

బామ్మర్ది దేవేందర్‌కు,

క్షేమమా అని అడగాలి. అడగను. మా ఇంట్లో పొయ్యి ఆరిపోవడానికి కారణం నువ్వు.

దసరా తర్వాత వచ్చి మా డాబా మీద బొగ్గులు రాజేసి, క్యాప్సికం, వంకాయ, ఆలుగడ్డ, గోబిపువ్వు అన్నీ చువ్వలకు గుచ్చి కాల్చావు. మస్కట్ హోటల్లో ఇదే పని చేశానన్నావు. మీ అక్క రెండు ప్లేట్లు తిన్నది. ఇన్నేళ్లలో నేను ఏం తెచ్చి పెట్టినా అంత సంతోషంగా తినలేదు. నాకు కడుపు మండింది. "గల్ఫ్‌కు పోయి గిదా నేర్చుకున్నది? కాల్చిన కట్టెల లెక్కున్నయి" అన్నాను. నువ్వు నవ్వావు. మీ అక్క నవ్వలేదు.

తర్వాత వారానికి సంచి సర్దుకుని "తమ్మునింటికి పోతున్న" అన్నది. బస్సెక్కించాను. కిటికీలోంచి ఏదో చెప్పింది. బస్సు చప్పుడులో సరిగా వినబడలేదు కానీ, మర్యాదకు సరే సరే అని తలూపాను. అంతే. అప్పటి నుంచి ఫోన్ లేదు, కబురు లేదు.

నాకు తెలిసింది ఒక్కటే. ఆ కూరను నేను వెక్కిరించినందుకే అలిగింది. కాబట్టి ఆ కూర నేనే నేర్చుకుని, చేసి పెట్టి, తిరిగి తెచ్చుకుంటాను. ఎలా చేయాలో రాయి. మీ అక్కకు చెప్పకు. చెబితే నీ టిఫిన్ సెంటర్ ముందు ధర్నా చేస్తాను.

ఉత్తరం ఎందుకంటావా? నీ ఫోన్ ఎప్పుడూ మీ అక్క చేతిలోనే ఉంటుందట. పైగా మా షెడ్డులో మగ్గాల చప్పుడుకు ఫోన్ వినబడదు. టిఫిన్ సెంటర్ చిరునామాకే పంపుతున్నాను. ఉత్తరమన్నాక బడిలో నేర్పిన తెలుగులో రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఏ తెలుగులో తిట్టేవాణ్ణో నీకు తెలుసు.

పొయ్యి ఆరిన ఇంటి నుంచి,
మీ బావ వెంకటేశం


కోరుట్ల,
8 నవంబరు 2024.

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఇడ్లీ పిండి గిన్నె పక్కన పెట్టి చదివాను. ఒక మూల తడిసింది. ఏడ్చి తడిపానని మాత్రం అనుకోకు.

మగ్గాల చప్పుడుకు ఫోన్ వినబడదన్నావు. మొన్న ఆదివారం మగ్గాలు బంద్ ఉన్నప్పుడు చేశాను. "బావా, ఎట్లున్నవ్" అంటే "ఆ, ఇక్కడ కూడ వాన లేదు" అన్నావు. సరే, ఆ ముచ్చట తర్వాత.

కూర రాసుకో. గట్టి పెరుగు కావాలి. పలుచని బట్టలో కట్టి వేలాడదీసి నీళ్లు దించు. అందులో అల్లం ఎల్లిపాయ ముద్ద, కారం, పసుపు, ఉప్పు, వేయించి దంచిన నువ్వుల పొడి, కొంచెం నూనె, నిమ్మరసం కలుపు. క్యాప్సికం, ఉల్లిగడ్డ, టమాట పెద్ద ముక్కలుగా కొయ్యి. వంకాయ మందపాటి చక్రాలు. ఆలుగడ్డ, మక్క కంకి ముందే సగం ఉడకాలి, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ముక్కలన్నీ పెరుగులో ఒక పూట నాననివ్వు. బొగ్గుల మీద మంట పోయి నిప్పు మిగిలాక జాలీ పెట్టి, దాని మీద పరుచు. అంతే. ఇది నేర్చుకోవడానికి గల్ఫ్ పోవక్కర్లేదని నువ్వన్నావు కదా, చూద్దాం.

అక్క సంగతి. ఏం చెప్పను బావా. పొద్దున లేచిన దగ్గర నుంచి ఏడుస్తూనే ఉంది. కళ్లు వాచిపోయాయి. మా రజిత "ఊకో వదినా" అన్నా వినదు.

గిరాకీ వచ్చింది, ఉంటాను.
నీ కట్టెల వంటవాడు,
దేవేందర్


సిరిసిల్ల,
12 నవంబరు 2024.

దేవేందర్‌కు,

ఏడుస్తూనే ఉందా? అంత పెద్ద మాట రాసి గిరాకీ వచ్చిందని లేచి పోతావా? నీ ఇడ్లీల మీద పిడుగు పడ! రెండు రోజుల నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఒక్క కూర కోసం ఆడమనిషి కళ్లు వాచేలా ఏడుస్తుందా? బయలుదేరి వద్దామని చొక్కా వేసుకుని, మళ్లీ విప్పాను. వట్టి చేతులతో వచ్చి ఏం మొహం చూపించను? కూర వచ్చాకే వస్తాను.

కూర సంగతి కూడా చెబుతాను, నవ్వకు. పలుచని బట్ట అన్నావు. బట్టల ఊళ్లో బట్టకేం కరువు? షెడ్డులో ఉన్న గులాబీ రంగు పీసులో పెరుగు కట్టాను. పొద్దునకి పెరుగు కూడా గులాబీ రంగులో ఉంది. పారబోశాను. మళ్లీ తోడుపెట్టి తెల్లబట్టలో కట్టాను.

జాలీ అన్నావు. ఇంట్లో ఉన్న జాలీ కిటికీకి దోమల కోసం కొట్టిందే. ఊడదీసి కడిగి బొగ్గుల మీద పెట్టాను. అది కరిగి చారలు చారలుగా నిప్పుల్లోకి కారింది. వాసనకు వీధిలో కుక్కలు కూడా లేచి పోయాయి. ఇప్పుడు కూర లేదు, కిటికీకి జాలీ లేదు, ఒళ్లంతా దోమ కాట్లు.

వెంటనే రాయి, మీ అక్క ఏడుపు ఆగిందా?

మీ బావ


కోరుట్ల,
16 నవంబరు 2024.

బావా,

చొక్కా మళ్లీ విప్పి మంచి పని చేశావు. అక్క ఏడ్చేది నీ కోసం కాదు, ఉల్లిగడ్డల కోసం. కార్తీకమాసం కదా, కోరుట్ల బస్టాండంతా భక్తులే, ఉప్మాకు గిరాకీ ఎక్కువ. "ఖాళీగ కూసోని ఏం జేస్త" అని పొద్దున్నే వచ్చి తట్టెడు ఉల్లిగడ్డ కోస్తోంది. నేను రాయడంలో తప్పుంటే క్షమించు. కానీ నీకు అన్నం సయించలేదన్న ముక్క మాత్రం రజితకు చదివి వినిపించాను. "గింత ప్రేమ లోపల పెట్టుకోని బయటికి గట్ల పులి లెక్క ఉంటడా అన్న!" అన్నది.

జాలీ అంటే ఇనుప జాలీ బావా! పుల్కాలు కాల్చేది. గుచ్చడానికైతే చువ్వలు. వేడెక్కాక ముక్క పెట్టగానే చుయ్యిమనాలి. పెరుగు నీరు నిప్పుకు తగిలే చప్పుడది. అది గట్టిగా ఉన్నంతసేపు కదిలించకు. చప్పుడు తగ్గి సన్నగా చిటపటలోకి వచ్చిందంటే తిప్పాలి. మస్కట్‌లో మా పెద్ద వంటవాడు పొయ్యి వైపు చూసేవాడు కూడా కాదు. చెవితోనే చేసేవాడు.

ఇంకొక గొడవ. మీ పక్కింటి రేణుక మా అక్కకు ఫోన్ చేసింది. మీ డాబా మీద రోజూ సాయంత్రం పొగ లేస్తోందట, కాలుస్తున్న వాసనట. "సత్తెక్కా, నువ్వు లేవు గద, మీ ఆయన దోస్తులతోని కబాబులు కాల్చుకుంట దావత్ చేసుకుంటున్నడు" అన్నదట. అక్క ఫోన్ పెట్టేసి, "కార్తీకమాసంల కబాబులు! నేను గిట్ల రాంగనె గట్లనా!" అని ఆ పూట ఉల్లిగడ్డలు కోసిన తీరు చూస్తే నాకే భయమేసింది. చెబుదామంటే నువ్వు చెప్పొద్దన్నావు. నోరు మూసుకున్నాను.

నీ దావత్‌కు పిలుపు అందని,
దేవేందర్


సిరిసిల్ల,
20 నవంబరు 2024.

దేవేందర్‌కు,

రేణుక నోట్లో మట్టి పడ. కబాబులా! వంకాయ ముక్క సరిగా కాలక నేను చస్తుంటే!

మీ అక్క అలా నమ్మిందా? ప్రతి సోమవారం ఉపవాసం ఉండేవాణ్ణి, కార్తీకంలో కోడిగుడ్డు కూడా ముట్టనివాణ్ణి. అయినా చెప్పకు. ఇంత దూరం వచ్చాక ఇప్పుడు చెబితే పరువు పోతుంది.

ఇనుప జాలీ కొన్నాను. షెడ్డులో పాత సన్న చువ్వలుంటే చింతపండుతో తోమి పెట్టుకున్నాను. ముక్కలు బాగా కోస్తున్నాను, ఆ విషయంలో నాకు నేనే శెభాష్ చెప్పుకున్నాను. కానీ కాల్చేటప్పుడే ఏదో తేడా. ఒకసారి బొగ్గు, ఒకసారి పచ్చి. నువ్వు చుయ్యిమనాలి అన్నావు. నీ కూరగాయలు మూగవి. ఒక్కటి కూడా చుయ్యి అనలేదు.

నిన్న మా మగ్గాలు నడిపే రవీందర్‌ను పైకి పిలిచాను. ముక్క పెట్టాను. "సేట్, మస్తు చుయ్యిమంటున్నది" అన్నాడు. నేను వంగి చెవి పెట్టాను. మీసం కాలింది. "ఇనొస్తలేదా సేట్?" అన్నాడు. "ఎందుకు ఇనరాదు, నాకేమైంది" అన్నాను. వాడు నా మొహం ఒక రకంగా చూసి కిందికి దిగిపోయాడు. మా రవీందర్ మంచివాడే కానీ అబద్ధాలకోరు.

కోరుట్ల కూరగాయలు వేరు, సిరిసిల్ల కూరగాయలు వేరు కావచ్చు. వేరే ఉపాయం రాయి.

సగం మీసం మిగిలిన,
మీ బావ


కోరుట్ల,
25 నవంబరు 2024.

బావకు,

నీ ఉత్తరానికి జవాబు మూడుసార్లు రాసి చింపాను, ఇది నాలుగోది. మొదట నవ్వాను. మీసం దగ్గర నవ్వు ఆగిపోయింది.

రవీందర్ అబద్ధం చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అక్కను కూర్చోబెట్టి అడిగాను, "బావ మీద ఇంత కోపమెందుకు, ఆ కట్టెల మాటకేనా?" అని. ఆమె నా వైపు వింతగా చూసింది. "కట్టెల మాటనా? గదెప్పుడో మరిచిన" అన్నది. బస్సు కిటికీలోంచి ఆమె నీతో ఏమన్నదో తెలుసా? "చెవుల డాక్టర్‌కు చూపించుకో, చూపించుకోని ఫోన్ చెయ్యి, గప్పుడే వస్త." నువ్వు సరే సరే అని తలూపావు. ఆమె నీ ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. ఒప్పుకొని కూడా చెయ్యలేదని కోపం. నువ్వేమో ఆమె ఫోన్ కోసం ఎదురుచూస్తున్నావు.

రజితతో ఆమె అన్న మాట నేను లోపలి నుంచి విన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఉప్పు డబ్బ అందియ్యమన్నా మొత్తుకోవాలె రజితా. మొగనితోని ప్రేమగ ఒక్క మాట చెప్పాలన్నా కొట్లాట లెక్కనే చెప్పాలె, వాడకట్టంత ఇంటది. చెప్పుడే బంద్ జేసిన. గిక్కడికొచ్చి మెల్లగ మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగున్నది."

ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డావు బావా. చెవులు ఊరికే ఉంటాయా? ఇందులో సిగ్గేముంది? కళ్లద్దాలు పెట్టుకోలేదా నువ్వు? ఆ చప్పుడు వినబడందే ఆ కూర రాదు. నేను రాయగలిగిన ఉపాయం ఇదొక్కటే.

తప్పుగా అనుకోకు.
దేవేందర్


సిరిసిల్ల,
29 నవంబరు 2024.

దేవేందర్,

ఉత్తరం ముట్టింది. బడి తెలుగు రాయ చాతనైతలేదు ఇయ్యాల.

నన్ను చెవిటోన్ని జేసిన్రు అందరు గలిసి. నువ్వు, మీ అక్క, రవీందర్, ఆఖరికి వంకాయ సుత. ఇంట్ల ముచ్చట మీ ఇంట్ల చెప్పుకునుడేంది? నాకు చెప్పరాదా?

గీ ముక్క రాసినంక కలం ఆగింది. చెప్పే ఉంటది. నాకు ఇనరాకపోయి ఉంటది.

కూర బంద్. బొగ్గులు తడిసినయి. మళ్ల రాయకు.

వెంకటేశం


కోరుట్ల,
4 డిసెంబరు 2024.

బావా,

రాయకు అన్నావు, రాస్తున్నాను. నేను కూడా చెప్పింది వినని రకమే, మన ఇద్దరికీ కుదురుతుంది.

అక్కకు ఏమీ చెప్పలేదు. నిన్న మాత్రం వంకాయలు కోస్తూ, "మీ బావకు గుత్తొంకాయంటే పానం. ఏం తింటున్నడో ఏమో" అన్నది. కబాబులు తింటున్నాడని మరిచిపోయినట్టుంది. నేను గుర్తు చెయ్యలేదు.

బొగ్గులు ఎండలో పెట్టు. ఆరుతాయి.

దేవేందర్


సిరిసిల్ల,
14 డిసెంబరు 2024.

బామ్మర్దికి,

కోపం తగ్గింది. బడి తెలుగు తిరిగి వచ్చింది.

జగిత్యాల పోయి వచ్చాను. సిరిసిల్లలో చూపించుకుంటే తెల్లారేసరికి షెడ్డు షెడ్డుకూ తెలుస్తుంది. అందుకే వేములవాడలో బస్సు మారి, కొండగట్టు మీదుగా అంత దూరం పోయాను. పక్క సీటాయన మల్యాల దాకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను తలూపుతూనే ఉన్నాను. దిగేటప్పుడు "అయితే పక్కా వస్తరు గద పెండ్లికి?" అని అరిచాడు. ఎవరి పెళ్లో, ఎప్పుడో నాకు తెలియదు. ఆ తలూపుడు చూసుకుని నాకే సిగ్గేసింది. మీ అక్క విషయంలో కూడా ఇదే కదా చేసింది అనుకున్నాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల. చెవులకు డబ్బాలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కమన్నది. ఫెయిల్ కాకూడదని టకటకా నొక్కాను. ఆమె వచ్చి డబ్బాలు తీసి, "పెద్దనాయనా, నేనింకా చప్పుడు పెట్టనే లేదు" అన్నది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నిజంగా నొక్కాను. చాలా తక్కువసార్లు నొక్కాను.

సన్నటి చప్పుళ్లే ముందు పోతాయట. ఆడవాళ్ల మెల్లటి మాటలు, నిప్పు మీది చిటపటలు. మగ్గాల పనిలో చాలామందికి ఇంతేనని చెప్పింది. షెడ్డులో ఉన్నప్పుడు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలిచ్చింది. రవీందర్‌కు కూడా ఒక జత అడిగి తెచ్చాను. వాడికి క్షమాపణ చెప్పకుండా చెప్పినట్టయింది.

చెవికి పెట్టుకునే మిషన్ కూడా రాసింది, మళ్లీ పోయి తెచ్చుకున్నాను. పెట్టుకుని బయటికి రాగానే జగిత్యాల బస్టాండు మొత్తం నా చెవిలోకి దూకింది. భయపడి తీసి జేబులో వేసుకున్నాను. ఇంటికి వచ్చి, తలుపులు మూసి, మళ్లీ పెట్టుకున్నాను. నా చెప్పులు చప్పుడు చేస్తాయని ఇప్పుడే తెలిసింది. ఫ్యాన్ కిర్రుమంటోంది. ఎన్నేళ్ల నుంచి అంటోందో పాపం, మీ అక్క ఒక్కతే విన్నది.

ఆదివారం ఆమెను పంపించు. మిషన్ సంగతి చెప్పకు. డాక్టర్‌కు చూపించుకున్నాడట అని మాత్రం చెప్పు.

మీ బావ వెంకటేశం


కోరుట్ల,
18 డిసెంబరు 2024.

బావా,

చెప్పాను. అక్క నమ్మలేదు. "గాయిన పోయిండా? మీరు అబద్దమాడుతున్నరు" అన్నది. కానీ సంచి సర్దుతోంది. ఆదివారం మొదటి బస్సుకు వస్తుంది. డాబా మీద మందు సీసాలు వెతుకుతానని శపథం చేసింది.

తట్టెడు ఉల్లిగడ్డలు ఇక నేనే కోసుకోవాలి. ఈసారి ఏడుపు నిజమే.

దేవేందర్


సిరిసిల్ల,
24 డిసెంబరు 2024.

బామ్మర్ది దేవేందర్‌కు, రజితకు,

మీ అక్క క్షేమంగా చేరింది. చేరగానే చెప్పులు కూడా విప్పకుండా డాబా ఎక్కింది. నీళ్ల ట్యాంకు వెనక, బొగ్గుల గోనెలో, పాత మంచం కింద చూసింది. "సీసలేడ దాచినవ్?" అని అరిచింది. మిషన్ పెట్టుకున్న చెవికి ఆ అరుపు ఎట్లుంటుందో నీకు తెలియదు. ప్రాణం పోయినంత పనైంది. అయినా మొహంలో కనబడనివ్వలేదు. చలి అని చెప్పి మంకీ టోపీ పెట్టుకుని ఉన్నాను. అది చెవులను కప్పేసింది.

కూర్చో అని సైగ చేశాను. ముక్కలు పొద్దుటి నుంచీ నానుతున్నాయి. ఇటుకల మధ్య నిప్పు సిద్ధంగా ఉంది. జాలీ వేడెక్కింది. మొదటి వంకాయ చక్రం పెట్టాను.

చుయ్యి.

దేవేందర్, నువ్వు రాసినట్టే ఉంది. ఎంత చిన్న చప్పుడురా అది! కాసేపు ఏం చేస్తున్నానో మరిచిపోయాను. తర్వాత క్యాప్సికం, గోబి, మక్క కంకి పరిచాను. ఒక్కోటీ ఒక్కో తీరుగా అంటోంది. తగ్గగానే తిప్పాను. ఒక్కటి కూడా మాడలేదు.

నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. మీ అక్క నా వెనక పీట మీద కూర్చుని సణగడం మొదలుపెట్టింది. నాకు వినబడదన్న ధైర్యం. "ముసలోనికి బుద్ధి లేదు. అంగికంత మసి. మీసమేడ వోయింది సగం? గింత మంచిగ కోసుడు ఎప్పుడు నేర్చుకున్నడు... నేనుండంగ ఒక్కనాడన్న ఉల్లిగడ్డ కోసిండా..." ఇదంతా ఇన్నేళ్లూ నా వీపు వెనక నడుస్తున్నదన్న మాట! నవ్వాపుకోవడానికి దగ్గుతున్నట్టు నటించాను.

తర్వాత పీట జరిగిన చప్పుడైంది. లేచి కిందికి పోతోందేమో అనుకున్నాను. అప్పుడు చాలా మెల్లగా అన్నది.

"నువ్వు లేకుంటె ఆడ నాకు సుత ముద్ద దిగలే. గీ మాట నీకెట్ల చెప్పాలె? మొత్తుకోని చెప్పే మాటనా ఇది?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నా కళ్లు కనబడేవి.

"మెల్లగనే చెప్పు," అన్నాను. "ఇంటున్న."

ఆమె చేతిలోని ప్లేటు కింద పడింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడటం చూసి లేచి వచ్చింది. టోపీ లాగేసింది. చెవి వెనకున్న మిషన్ చూసింది. వేలితో ముట్టింది. కొంచెంసేపు ఏడ్చింది. ఈసారి చుట్టుపక్కల ఉల్లిగడ్డ లేదని నేను సాక్ష్యం చెప్పగలను. తర్వాత గుర్తొచ్చి నా వీపు మీద ఒక్కటి వేసింది.

"ఎప్పటి సంది ఇంటున్నవ్?"

"ముసలోడు అన్న కాడి నుంచి."

ఇంకొకటి వేసింది.

తిన్నాం. నిమ్మకాయ కొంచెం ఎక్కువైందన్నది. ఆ మాట కూడా మెల్లగానే అన్నది. పక్కన కూర్చుని కోరుట్ల ముచ్చట్లన్నీ చెప్పింది. రజిత పచ్చళ్లు, మీ దుకాణం గిరాకీ, నువ్వు నా ఉత్తరాలు పిండి గిన్నె వెనక దాచిన తీరు. గొంతు ఎత్తకుండా, తొందర లేకుండా, నిప్పులు చల్లారి డాబా మీది నుంచి ఎండ దిగిపోయే దాకా చెప్పింది. నేను ఒక్క మాట కూడా మళ్లీ చెప్పమనలేదు.

మీ అక్క పక్క నుంచి చదువుతూ, ఇక్కడితో ఆపు అంటోంది.

మీ బావ,
వెంకటేశం